ఊరి థియేటర్‌లో కంట్రీ మ్యూజిక్ రెవ్యూ: టోపీలు కొనే ముందు చేయాల్సిన పనులు

ముందుగా ఒక మాట. ఇది 'రివ్యూ' కాదు, 'రెవ్యూ'. రివ్యూ అంటే సినిమా ఎలా ఉందో చెప్పేది. రెవ్యూ అంటే పెద్దగా కథ లేకుండా, ఒకే దారానికి గుచ్చిన పాటలను వరసగా స్టేజీ మీద పాడేది.

మేముండే అమెరికా చిన్న ఊళ్ళో 180 సీట్ల కమ్యూనిటీ థియేటర్ (ఊరివాళ్ళే నాటకాలు, పాటల షోలు వేసుకునే హాలు) ఒకటుంది. నేను అక్కడ స్టేజ్ మేనేజర్‌గా వాలంటీర్ పని చేస్తుంటాను. మేం కంట్రీ రెవ్యూ వేశాక, వేరే ఊళ్ళలో ఇలాంటి థియేటర్లకు వెళ్ళే తెలుగువాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి ఎలా చేశారని అడుగుతున్నారు. దాదాపు అందరి మొదటి ప్రశ్న ఒకటే: కౌబాయ్ టోపీలు, బూట్లు ఎక్కడ కొన్నారు?

అవి ఆఖర్లో చూసుకునే సంగతులు. షో నిలబడేది మూడింటి మీద: హక్కుల కాగితాలు, పాటల వరస, గాయకుల శ్రుతి. మొదటి రెండూ రిహార్సల్ మొదలవకముందే, శ్రుతి రెండో వారం చివరికల్లా తేలిపోవాలి. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటిచ్చాను.

1. ఏం వేస్తున్నారో ముందు తేల్చుకోండి

మీ ముందు మూడు దారులుంటాయి.

మొదటిది రెడీమేడ్ షో. స్క్రిప్టు, స్వరాలు, హక్కులు అన్నీ కలిపి ఒకే ఏజెన్సీ అద్దెకిస్తుంది. జానీ క్యాష్ పాటలతో అల్లిన 'రింగ్ ఆఫ్ ఫైర్' లాంటివి ఈ రకం. ఖర్చు ఎక్కువే గానీ తలనొప్పి తక్కువ. కాకపోతే పాటలు మార్చడానికి, కోయడానికి వీల్లేదు.

రెండోది సొంతంగా కూర్చుకునే రెవ్యూ. పాటలు మీరే ఎంచుకుంటారు, మధ్యలో మాటలు మీరే రాసుకుంటారు. ఈ మార్గదర్శి దీని గురించే.

మూడోది ట్రిబ్యూట్. ఒక గాయకుణ్ణి అచ్చం అనుకరించడం. మొదటిసారి చేసేవాళ్ళు దీని జోలికి పోకపోవడమే మంచిది. ప్రేక్షకుల చెవిలో అసలు గొంతు ఉంటుంది, పోలిక తప్పదు.

ఇంకో నిర్ణయం కూడా ఇప్పుడే చేయాలి: లైవ్ బ్యాండా, ముందే రికార్డు చేసిన వాయిద్యాల ట్రాకా? నా మాట వింటే బ్యాండే. కంట్రీలో పాటకూ పాటకూ మధ్య ఫిడిల్ వాయించేవాడు ఒక చిన్న బిట్ వాయిస్తే హాలు నవ్వుతుంది. ట్రాకు ఆ పని చేయలేదు. పైగా కరోకే ట్రాకులు చాలావరకు ఇంట్లో పాడుకోవడానికి ఇచ్చినవే. టికెట్ పెట్టి వాడాలంటే విడిగా అనుమతి కావాలి.

2. హక్కుల కాగితాలు

ఈ పని మూడు, నాలుగు నెలల ముందు మొదలుపెట్టండి. చిన్న థియేటర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

అమెరికాలో పాటను పబ్లిక్‌లో పాడటానికి లైసెన్స్ ఇచ్చే సంస్థలు ముఖ్యంగా నాలుగు: ఆస్కాప్, బీఎంఐ, సెసాక్, జీఎంఆర్. పాట ఎవరి జాబితాలో ఉందో వాళ్ళ వెబ్‌సైట్లలోనే వెతుక్కోవచ్చు. ఒకే పాటను ఇద్దరు రాస్తే, ఆ ఇద్దరూ వేర్వేరు సంస్థల్లో ఉండొచ్చు. అప్పుడు రెండు చోట్లా లైసెన్స్ ఉండాలి.

చాలా హాళ్ళకు ఈ సంస్థల సంవత్సరం లైసెన్స్ ముందే ఉంటుంది. ఉందో లేదో, ఏయే సంస్థలదో, టికెట్ షోలకు వర్తిస్తుందో లేదో హాలువాళ్ళ దగ్గర కాగితం చూసి తెలుసుకోండి. "ఉందిలెండి" అన్న నోటిమాట చాలదు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఆ లైసెన్స్ కచేరీలా పాడటానికే. పాటను కథలో, పాత్రలో ఇమిడ్చి ఆడితే అది నాటక ప్రదర్శన కిందికి వస్తుంది. వాటిని 'గ్రాండ్ రైట్స్' అంటారు. అవి పై నాలుగు సంస్థలూ ఇవ్వవు. పాట పబ్లిషర్‌ను నేరుగా అడగాలి.

తేడా ఎలా తెలుస్తుంది? గాయని స్టేజీ మీదికి వచ్చి, "ఈ పాట మా నాన్న ట్రక్కులో విన్నాను" అని తన మాటగా చెప్పి పాడితే కచేరీ. అదే అమ్మాయి హోటల్లో వెయిట్రెస్ వేషం వేసుకుని, ట్రక్కు డ్రైవర్ కోసం ఎదురుచూస్తూ అదే పాట పాడితే నాటకం. ఈ రెండింటికీ మధ్య చాలా బూడిదరంగు చోటుంది. అనుమానం వస్తే మీ స్క్రిప్టు జతచేసి లైసెన్స్ సంస్థకు, పబ్లిషర్‌కు రాసి అడగండి.

మా మొదటి స్క్రిప్టులో సరిగ్గా ఆ వెయిట్రెస్ ఉండేది. పబ్లిషర్లకు ఉత్తరాలు రాశాం. జవాబులు టైముకు రావని అర్థమయ్యాక కథంతా పీకేసి, గాయకులు తమ పేర్లతోనే మాట్లాడేలా మార్చాం. నిజం చెప్పాలంటే షో బాగుపడింది.

పాత పాటల సంగతి. 1930, అంతకు ముందు ప్రచురితమైన పాటలు 2026 జనవరి 1 నాటికి అమెరికాలో పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరి హక్కూ లేని జాబితాలోకి, వచ్చేశాయి. ఏటా ఈ గీత ఒక సంవత్సరం ముందుకు జరుగుతుంది. 'రెడ్ రివర్ వ్యాలీ' లాంటి జానపదాలకు ఎవరినీ అడగక్కర్లేదు. కానీ జాగ్రత్త: పాట పాతదైనా, మీరు కొన్న పుస్తకంలోని అరేంజ్‌మెంట్ (గొంతులకూ వాయిద్యాలకూ పాటను కూర్చిన తీరు) కొత్తదైతే దానికి హక్కులుంటాయి. రికార్డింగుల లెక్క కూడా వేరు.

చెక్‌లిస్ట్:
☐ ప్రతి పాటకూ రచయిత, పబ్లిషర్, లైసెన్స్ సంస్థ రాసిన ఒక పట్టిక
☐ హాలు లైసెన్స్ కాపీ చేతిలో ఉంది
☐ మధ్యలో వచ్చే మాటల్లో పాత్రలు, కథ లేవు. ఉంటే పబ్లిషర్ అనుమతి ఉంది
☐ స్వరాల పుస్తకాలు ఎంతమందికి కావాలో అన్ని కొన్నాం, జెరాక్స్ తీయలేదు
☐ వీడియో తీయబోమని, నెట్‌లో పెట్టబోమని అందరికీ చెప్పాం (దానికి మళ్ళీ వేరే అనుమతి కావాలి)

ఆఖరిదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పిల్లవాడు పాడుతుంటే ఫోన్ ఎత్తని అమ్మానాన్నలుండరు. షో మొదట్లో ప్రకటన చేయించండి, ప్రోగ్రాం కాగితంలోనూ వేయండి.

3. పాటల వరస: కార్డులతో నేల మీద

22 పాటలు సరిపోతాయి. పాటకు 3 నిమిషాల చొప్పున 66 నిమిషాలు. మాటలకు 12, చప్పట్లకు 5 లేదా 6 వేసుకుంటే 84 దగ్గర తేలుతుంది. 15 నిమిషాల ఇంటర్వెల్ కలిపితే గంటా నలభై. ఇంతకు మించితే పెద్దవాళ్ళు కుర్చీల్లో కదలడం మొదలుపెడతారు.

ఒక్కో పాటకు ఒక కార్డు రాయండి. దాని మీద ఐదు సంగతులుండాలి: పాట, గాయకుడు, శ్రుతి, వేగం, ఏ వాయిద్యం ముందుకొస్తుంది. చురుకైన పాటలకు ఒక రంగు, మధ్యస్థ వేగంవాటికి ఒక రంగు, నెమ్మదివాటికి నీలం. అన్నీ నేల మీద పరిచి, చుట్టూ నిలబడి జరపండి. కంప్యూటర్లో చేస్తే ఇది కనబడదు. నేల మీద నీలం కార్డులు మూడు పక్కపక్కన పడితే దూరం నుంచే కంటికి తగులుతుంది.

మేము పెట్టుకున్న నియమాలు:

- నెమ్మది పాటలు రెండు వరసగా రాకూడదు. కంట్రీలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఊరు వదిలి వెళ్ళిపోతుంటారు, ఇంకొకరు ఏడుస్తుంటారు. అదంతా ఒకేచోట పోగుపడితే సంతాపసభ అవుతుంది.
- ఒకే శ్రుతిలో మూడు పాటలు వరసగా వద్దు. ఎందుకో తెలియకుండానే ప్రేక్షకులకు విసుగొస్తుంది.
- మూడు దెబ్బల తాళంలో నడిచే పాటలు, అంటే వాల్ట్జ్‌లు, షోలో ఒక్కో సగానికి రెండు చాలు.
- బట్టలు మార్చుకోవాల్సిన గాయకుడికి మధ్యలో కనీసం రెండు పాటల వ్యవధి ఉండాలి.
- బాంజో వాయించేవాడికి శ్రుతి మార్చుకునే టైం కావాలి. అతని పాటకు ముందు మాటలు పెట్టండి.

మొదటి పాట అందరికీ తెలిసినదై ఉండాలి, కానీ మీ దగ్గరున్న అతి గొప్ప పాట కాకూడదు. ఆ టైముకు ఇంకా కొందరు సీట్లు వెతుక్కుంటుంటారు, సౌండ్ చూసేవాడు ఇంకా సర్దుతుంటాడు. అసలైన గొంతును మూడో పాటకు ఉంచుకోండి. ఇంటర్వెల్‌కు ముందు అందరూ కలిసి పాడే హుషారు పాట. చివరి నుంచి రెండోది ఒక్క గిటారు, ఒక్క గొంతు. ఆఖరుకు గాస్పెల్ పాట (చర్చిలో పాడే భక్తి పాట) ఒకటి పెడితే హాలంతా తనంతట తానే గొంతు కలుపుతుంది.

మధ్య మాటలు 40 సెకన్లు దాటకూడదు. రాయించండి, స్టాప్‌వాచ్ పెట్టి చదివించండి. "నాకొచ్చు, అప్పటికప్పుడు చెప్పేస్తా" అనేవాడే నాలుగు నిమిషాలు లాగుతాడు.

4. బ్యాండ్

ఐదుగురు చాలు: అకూస్టిక్ గిటారు, ఎలక్ట్రిక్ గిటారు, బేస్, డ్రమ్స్, ఫిడిల్. పెడల్ స్టీల్ (బల్లలా పరిచి, పెడళ్ళు తొక్కుతూ వాయించే గిటారు) వాయించేవారు దొరికితే వదలకండి. ఆ జారుడు నాదం వినగానే ఇది కంట్రీ అని ఎవరైనా చెప్పేస్తారు. దొరకడం మాత్రం కష్టం. చర్చి బ్యాండ్లలో, ఊరి వాయిద్యాల షాపు నోటీసు బోర్డు మీద వెతకండి.

వయొలిన్ నేర్చుకునే మన పిల్లలు చాలామంది హైస్కూల్ ఆర్కెస్ట్రాలో ఉంటారు. ఫిడిల్, వయొలిన్ ఒకే వాయిద్యం, వాయించే తీరు వేరు. పిల్లలకు ఇది మంచి అవకాశమే, కానీ కాగితం చూసి వాయించే అలవాటున్న పిల్లలకు చెవితో విని వాయించడానికి కనీసం రెండు నెలలు పడుతుంది. ముందుగానే చేర్చుకోండి.

డ్రమ్మర్‌ను ఎంచుకునేటప్పుడు ఒక్కటి చూడండి: బ్రష్‌లతో మెల్లగా వాయించగలడా? రైలు నడిచినట్టుండే ఆ తాళాన్ని గుసగుసలా వాయించగలిగినవాడు ఉంటే సగం సౌండ్ సమస్యలు పుట్టవు.

5. ఆడిషన్లు, శ్రుతి

ఒక్కొక్కరినీ ఒక చరణం, ఒక పల్లవి పాడమనండి. నచ్చిన పాటే. తర్వాత అదే పాటను ఇంకో శ్రుతిలో పాడించండి. ఈ రెండో భాగం లేని ఆడిషన్ వృథా.

మా ఆడిషన్‌కు ఒక తెలుగమ్మాయి వచ్చింది. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం. రికార్డులో ఉన్న శ్రుతిలోనే పాట ఎత్తుకుంది. పల్లవి పైకి వెళ్ళేసరికి మెడ నరాలు బిగిశాయి, భుజాలు చెవుల దాకా లేచాయి. ఆపేసి నా వైపు తిరిగి, "అన్నా, ఇది నా శ్రుతి కాదు" అంది తెలుగులో. "నీది ఎంతమ్మా?" "ఐదున్నర." పియానో దగ్గరున్న మ్యూజిక్ డైరెక్టర్‌కు వాళ్ళ లెక్కలో 'జి షార్ప్' అని చెప్పాను. ఆయన కాసేపు తటపటాయించి, గిటారువాళ్ళ కోసం అర మెట్టు దించి 'జి'లో ఎత్తాడు. అదే పాట, అదే అమ్మాయి. ఈసారి భుజాలు కదల్లేదు. రెండో లైనుకే ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

పద్యనాటకాల్లో హార్మోనియం వాయించే ఆయన ఏం చేస్తాడో చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. నటుడు ఎత్తుకున్న శ్రుతికి ఆయన వెళ్తాడు గానీ, ఆయన శ్రుతికి నటుడు రాడు. ఇక్కడా అదే పద్ధతి. రికార్డులో ఏ శ్రుతి ఉందన్నది మర్చిపోండి.

పనికొచ్చే లెక్కలు కొన్ని:

- మన ఒకటో శ్రుతి సి, రెండు డి, ఐదు జి, ఆరు ఎ. అర అంటే షార్ప్, అంటే అర మెట్టు పైకి. ఫ్లాట్ అంటే అర మెట్టు కిందికి.
- మగ గొంతుకు జిలో కుదిరిన పాట ఆడ గొంతుకు సాధారణంగా సి, డిల దగ్గర కుదురుతుంది.
- ఫిడిల్‌కు జి, డి, ఎ హాయి. బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ అంటే మొహం ముడుస్తారు. గాయకుడికి అర మెట్టు అటూ ఇటూ ఇబ్బంది లేకపోతే వాయిద్యానికి హాయిగా ఉన్నదే తీసుకోండి.
- గిటారుకు రెండో మెట్టు మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) బిగించి జి ఆకారంలో వాయిస్తే ఎ పలుకుతుంది. మూడో మెట్టు మీదైతే బి ఫ్లాట్.

మనవాళ్ళు పాడేటప్పుడు ఇంకో రెండు సంగతులు. కంట్రీలో స్వరాన్ని కింది నుంచి జారుతూ అందుకుంటారు, అందుకున్నాక కదపరు. నిలిపిన స్వరం మీద గమకం వేస్తే పాట వేరే ఊరికి వెళ్ళిపోతుంది. జారుడు మన దగ్గర ఎలాగూ ఉంది, నిలకడ ఒక్కటి సాధన చేస్తే చాలు. రెండోది యాస. టెన్నెసీ యాసను అరువు తెచ్చుకోవద్దు. అది మనకే కాదు, మా ఊరి అమెరికన్లకూ నప్పలేదు. ఎవరి నోటితో వాళ్ళు, మాట స్పష్టంగా పాడితే చాలు.

6. నంబర్ల చార్టులు

శ్రుతులు మారుతూనే ఉంటాయి. కార్డు అంటే ఇక్కడ అట్టముక్క కాదు, chord, కలిపి మోగించే స్వరాల గుంపు. ప్రతిసారీ ఈ కార్డుల పేర్లు తిరగరాయకుండా కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ స్టూడియోల్లో ఒక పద్ధతి వాడతారు: కార్డుకు పేరు బదులు అంకె. శ్రుతి ఏదైనా ఆధారం 1. మన లెక్కలో స అంటే 1, మ అంటే 4, ప అంటే 5. సరిగమలు వచ్చినవాళ్ళకు ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.

ఒక చరణం ఇలా ఉంటుంది:

1 1 4 1
1 1 5 5
1 1 4 4
1 5 1 1

ఒక్కో అంకె ఒక్కో బార్, అంటే తాళం ఒక చుట్టు. జిలో అయితే 1, 4, 5 అంటే జి, సి, డి. ఎలో అయితే ఎ, డి, ఇ. మైనర్ కార్డు అయితే అంకె పక్కన చిన్న అడ్డగీత. ఒకే బార్‌లో రెండు కార్డులుంటే వాటి కింద గీత. వాయించి వదిలేసి మోగనివ్వాలంటే అంకె చుట్టూ డైమండ్.

పాటకు ఒకే కాగితం. పైన శ్రుతి, వేగం, ఎవరు ఎత్తుకుంటారు, ఎలా ముగుస్తుంది. ముగింపు రాయడం మర్చిపోకండి. బ్యాండ్లు తప్పిపోయేది ఎక్కువగా అక్కడే: ఇద్దరు ఆగుతారు, ముగ్గురు ఇంకోసారి వాయిస్తారు.

7. ఎనిమిది వారాల రిహార్సల్

వారానికి మూడు సాయంత్రాలు, రెండున్నర గంటల చొప్పున. అందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే కాబట్టి ఎవరి పాట లేని రోజు వాళ్ళను పిలవకండి.

- 1, 2 వారాలు: గాయకులు పియానోతో. శ్రుతులు ఖాయం. రెండో వారం చివర తర్వాత శ్రుతి మార్చేది లేదు.
- 3 వారం: గుంపు పాటలు, హార్మొనీలు (ఒకే పాటను వేర్వేరు స్వరాల్లో కలిపి పాడటం). బ్యాండ్ విడిగా.
- 4 వారం: పుస్తకాలు పక్కన పెట్టాలి. పదాలు నోటికి రావాలి.
- 5 వారం: ఎవరు ఎటు నుంచి వస్తారు, ఎటు వెళ్తారు. లైన్ డాన్స్ (వరసల్లో నిలబడి అందరూ ఒకేలా ఆడేది) ఉంటే ఇప్పుడే, ఆ బూట్లతోనే.
- 6 వారం: గాయకులు, బ్యాండ్ మొదటిసారి కలిసి. ఆ రోజు నడకలు, ఆటలు ఏవీ వద్దు. కూర్చుని పాడటమే.
- 7 వారం: మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా. స్టాప్‌వాచ్‌తో.
- 8 వారం: టెక్, అంటే లైట్లు, సౌండ్, దుస్తులతో స్టేజీ మీద రిహార్సల్.

ఆరో వారంలో అందరికీ టెన్షన్ వస్తుంది. పియానోతో బాగా పాడినవాళ్ళు బ్యాండ్ రాగానే తడబడతారు, ఎందుకంటే పియానోలో వినబడిన స్వరం అక్కడ వినబడదు. కంగారుపడి గాయకుణ్ణి మార్చకండి. ఎత్తుగడకు ముందు గిటారు ఒక బార్ ఎక్కువ వాయిస్తే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

8. స్టేజీ, దుస్తులు

దీని మీద ఎక్కువ చెప్పను. చెక్క వరండా ఒకటి, రెండు మెట్లు, ఒక కుర్చీ. చాలు.

గడ్డిమోపుల మీద అందరికీ మోజు. రెండు కారణాల చేత వద్దంటాను. ఎండుగడ్డిని హాల్లో పెట్టాలంటే మంట అంటుకోకుండా మందు కొట్టించాలి, ఫైర్ మార్షల్ ఒప్పుకోవాలి. రెండోది, ఆ దుమ్ముకు గాయకుల గొంతులు పట్టేస్తాయి. చెక్కపెట్టెలకు గోనెపట్ట చుట్టి పైన కొద్దిగా రంగు వేస్తే మూడో వరస నుంచి గడ్డిమోపే. గోనెపట్టకు కూడా మంట ఆపే స్ప్రే కొట్టాలి. పొగ మిషన్ వాడితే హాలులోని ఫైర్ అలారం ఏ రకమో ముందే కనుక్కోండి.

బూట్ల అడుగున పల్చటి రబ్బరు అంటించండి. తోలు అడుగు చెక్క స్టేజీ మీద జారుతుంది, పైగా టకటకమని నెమ్మది పాటను మింగేస్తుంది. టోపీలు ఐదారు మందికే. అందరికీ పెడితే అందరి కళ్ళూ నీడలోకి పోతాయి.

9. సౌండ్

షో వినబడకపోతే మిగతాదంతా దండగ. పిచ్చి ఖరీదైన సామాను అక్కర్లేదు, ఒక క్రమం కావాలి.

ముందు పాత వైర్‌లెస్ మైకుల బీరువా తెరవండి. అమెరికాలో 617–652, 663–698 మెగాహెర్ట్జ్‌ల మధ్య పనిచేసే వైర్‌లెస్ మైకులు 2020 జూలై 13 నుంచి వాడకూడదు. ఆ జాగా ఫోన్ కంపెనీలకు వెళ్ళిపోయింది. మైకు వెనక ఉన్న చీటీ మీద అంకె చూడండి. మా బీరువాలో అలాంటివి నాలుగు దొరికాయి.

గాయకులకు స్టాండు మీద మామూలు తీగ మైకులే పెట్టండి. కంట్రీకి చూడటానికి కూడా అదే బాగుంటుంది. ఆ రకం మైకు తన వీపు వైపు నుంచి వచ్చే శబ్దాన్ని తక్కువగా తీసుకుంటుంది. కాబట్టి మానిటర్ స్పీకర్‌ను (గాయకులకు తమ గొంతు వినిపించేది) సరిగ్గా మైకు వీపు వైపు, నేల మీద పెట్టాలి.

చెక్ చేసే వరస:
☐ ఒక్కో తీగా వస్తోందా లేదా (మాట్లాడి చూడటం చాలు, పాడక్కర్లేదు)
☐ డ్రమ్స్, బేస్
☐ గిటార్లు: అకూస్టిక్‌ను డీఐ బాక్స్ (గిటారును సౌండ్ మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టె) ద్వారా
☐ ఫిడిల్, బాంజో
☐ గొంతులు ఒక్కొక్కటి, తర్వాత హార్మొనీ కలిపి
☐ ముందు స్టేజీ మీది మానిటర్లు, ఆ తర్వాతే హాలు స్పీకర్లు
☐ అన్నీ కలిపి హుషారు పాట ఒకటి, నెమ్మది పాట ఒకటి

ఎక్కువగా వచ్చే గొడవలు:

కూత వస్తోంది. ముందు మానిటర్ తగ్గించండి, మైకు కాదు. అప్పటికీ ఆగకపోతే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కూస్తోందో ఈక్వలైజర్‌లో పట్టి అక్కడ కొంచెం కోయండి.

గొంతు మైకులో బరువుగా, గుమ్మని వినిపిస్తోంది. 100 హెర్ట్జ్ కింద కోసేయండి. గాయకుణ్ణి మైకుకు రెండు వేళ్ళ దూరం జరగమనండి.

అకూస్టిక్ గిటారు గుమ్ మంటోంది. గిటారు నోటికి పెట్టే రబ్బరు మూత ఒకటి దొరుకుతుంది. అది పెట్టండి.

మాటలు అర్థం కావట్లేదని అందరూ అంటున్నారు. గొంతు పెంచకండి, ఎలక్ట్రిక్ గిటారు తగ్గించండి.

టెక్ వారంలో మాకు ఒక వింత ఎదురైంది. హెడ్‌సెట్ మైకు పెట్టుకున్న వ్యాఖ్యాత మాట్లాడితే బాగుంది, తల వంచితే కూత. మైకు మార్చాం, తీగ మార్చాం. చివరికి సౌండ్ చూసే పెద్దాయన స్టేజీ ఎక్కి, ఏమీ మాట్లాడకుండా అతని టోపీని రెండు వేళ్ళతో వెనక్కి నెట్టాడు. కూత ఆగిపోయింది. టోపీ అంచు కింద శబ్దం చిక్కుకుని మళ్ళీ మైకులోకి పోతోంది. అలా నెడితే మొహం మీద వెలుగు కూడా పడింది.

10. టెక్ వారం

- ఆదివారం: లైట్లు, క్యూలు (ఏ లైటు, ఏ శబ్దం ఎప్పుడు మారాలో చెప్పే గుర్తులు) మాత్రమే. గాయకులు అక్కర్లేదు.
- సోమవారం: క్యూ నుంచి క్యూకు. పాట మొదటి లైను, చివరి లైను. మధ్యది వదిలేయాలి.
- మంగళవారం: బ్యాండ్, సౌండ్‌తో మొత్తం.
- బుధవారం: దుస్తులతో, ఆపకుండా.
- గురువారం: యాభైమంది తెలిసినవాళ్ళను కూర్చోబెట్టి. చప్పట్లు ఎక్కడ వస్తాయో ఆ రోజే తెలుస్తుంది. ఖాళీ హాల్లో రిహార్సల్ చేసిన గాయకులు చప్పట్లు ఆగకముందే మాట అందుకుంటారు.

గిటారు తీగలు మొదటి షోకు రెండు రోజుల ముందు మార్చాలి. అదే రోజు మారిస్తే పాట మధ్యలో శ్రుతి దిగిపోతుంది.

స్టేజ్ మేనేజర్‌గా నా పుస్తకంలో ప్రతి పాటకు మూడు గీతలుంటాయి: స్టాండ్‌బై (సిద్ధంగా ఉండండి) ఎప్పుడు చెప్పాలి, గో (కానివ్వండి) ఎప్పుడు చెప్పాలి, తర్వాతి పాటకు ఎవరు ఏ పక్క నిలబడి ఉండాలి. మూడోది లేకుండా ఎవరూ షో నడపలేరు.

11. షో రాత్రి

శుక్ర, శనివారాల సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం. రెండు వారాంతాలు. ఆదివారం మధ్యాహ్నం వచ్చేది ఎక్కువగా పెద్దవాళ్ళు. ఆ షోకు బ్యాండ్ కొంచెం తగ్గించి వాయించాలి.

గంటన్నర ముందు:
☐ వైర్‌లెస్‌లలో కొత్త బ్యాటరీలు (నిన్నటివి బాగున్నా సరే)
☐ అన్ని వాయిద్యాల శ్రుతి, స్టేజీ లైట్లు వేసి ఉంచి (వేడికి దిగుతుంది)
☐ అదనపు గిటారు తీగలు, ఫిడిల్ తీగ, కాపో పక్కన బల్ల మీద
☐ పాటల వరస పెద్ద అక్షరాలతో ఐదు చోట్ల అంటించి
☐ గోరువెచ్చని నీళ్ళు, ఐస్ వద్దు

తీగ తెగితే ఏం చేయాలో ముందే అనుకోవాలి. మా దగ్గర నియమం: వ్యాఖ్యాత దగ్గర ఒక జోకు, ఫిడిల్ దగ్గర ఒక చిన్న ముక్క ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పదాలు మర్చిపోతే ఆగొద్దు, పల్లవికి వెళ్ళిపోవాలి. బ్యాండ్ వెనకే వస్తుంది.

ఎవరైనా వన్స్ మోర్ అంటే? మన నాటకాల్లో అయితే పద్యం మళ్ళీ ఎత్తుకోవాల్సిందే. ఇక్కడ అది లేదు, చివర్లో ఒక అదనపు పాట అంతే. దానికి కూడా లైసెన్స్ పట్టికలో చోటుండాలి.

12. మర్నాడు

ఆఖరి షో అయిన రాత్రే సెట్ విప్పేయండి. మర్నాడు ఎవరూ రారు. అద్దె సామాను లెక్క చూసి అప్పజెప్పండి. మైకుల బ్యాటరీలు తీసేయండి, లోపలే ఉంచితే కారిపోయి మైకు పాడవుతుంది. పాడిన పాటల జాబితా, అదనపు పాటతో సహా, లైసెన్స్ అడిగినవాళ్ళకు పంపండి. నంబర్ల చార్టులన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఒక్కో దాని మీద ఎవరు ఏ శ్రుతిలో పాడారో రాయండి. గోనెపట్ట పెట్టెలు పారేయకండి. మావి ఇప్పటికి రెండు థియేటర్లు అరువు తీసుకున్నాయి.